నాగార్జునకొండ వ్యాసాలు ఎట్టకేలకు దొరికాయి: నా అనుభవం

పరిశోధన వ్యాసాల ఆన్‌లైన్ డేటాబేస్ జేస్టోర్‌లో నాగార్జునకొండ అని వెతికితే పాత తవ్వకాల వ్యాసాలు సరిగా వచ్చేవి కావు. గూగుల్ స్కాలర్ చూశాను, తేదీలు మార్చాను, లాగిన్ మార్చాను, లాభం లేదు.

అసలు చిక్కు స్పెల్లింగ్‌లో ఉంది. ఇక్కడి ప్రాకృత శాసనాలను ప్రచురించిన ఫోగెల్ 'నాగార్జునికొండ' అని రాశారు. ఆ 'ని' చూడగానే ప్రాణం లేచి వచ్చింది!

ముందు అడ్వాన్స్‌డ్ సెర్చ్ తెరిచాను. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో 'కొండ'కు ముందున్న ఒక్క అక్షరం తీసేసి, అక్కడ ప్రశ్నార్థకం (?) పెట్టాను. ఆ చోట ఏ ఒక్క అక్షరం ఉన్నా సరే అని దానర్థం. కొటేషన్ గుర్తులు పెట్టలేదు. రెండు రూపాలూ ఒకేసారి వచ్చాయి. తర్వాత ఆ చోటి పాత పేరు విజయపురి, అక్కడ ఏలిన వంశం పేరు ఇక్ష్వాకు అనే మాటలతో విడివిడిగా వెతికాను. విజయపురికి మాత్రం వేరే ఊళ్లూ కలిసి వస్తాయి, ఏరుకోవాలి.

అన్ని డేటాబేస్‌లలో ఇదే గుర్తు పనిచేయకపోవచ్చు, హెల్ప్ పేజీ చూడండి. డిజిటైజ్ కాని నివేదికలకైతే లైబ్రేరియన్‌ గారినే అడగాలి.