నీరు ఊరని స్ట్రాబెర్రీ డిప్

చలికాలంలో లంబసింగి, మహాబలేశ్వరం స్ట్రాబెర్రీలు మార్కెట్లోకి వచ్చాయంటే మా ఇంట్లో డిప్ చేయాల్సిందే. ఓవెన్ అక్కర్లేదు, గిన్నె మధ్యలో పెడితే అందరూ బిస్కెట్లు ముంచుకుని తింటారు. ఒక్కటే చిక్కు: కలిపిన గంటకే అడుగున గులాబీ రంగు నీరు చేరేది. స్ట్రాబెర్రీలో దాదాపు 90 శాతం నీరే, చక్కెర తగలగానే అది బయటికి వస్తుంది.

అందుకని ఆ నీటిని ముందే రాబట్టాను. 200 గ్రాముల పండ్లను సన్నగా తరిగి, రెండు చెంచాల చక్కెర చల్లి, అరగంట తర్వాత జల్లెడలో వడగట్టాను. ముక్కలు మెత్తబడి నిగనిగలాడుతూ మిగిలాయి. ఆ రసాన్ని మాత్రం పారబోయకండి, సువాసనంతా అందులోనే ఉంటుంది! సన్నని మంట మీద తేనెలా చిక్కబడేదాకా మరిగించి చల్లార్చాను.

క్రీమ్ చీజ్‌కు బదులు అర లీటరు గడ్డపెరుగును పలుచని బట్టలో మూటగట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో జల్లెడ మీద ఉంచాను. ఉదయానికి శ్రీఖండ్ చేసుకునేంత గట్టిపడింది. అందులో మూడు చెంచాల చక్కెర పొడి, చిటికెడు ఉప్పు, చల్లారిన పాకం కలిపి, చివరగా ముక్కలు వేసి గరిటెతో మెల్లగా తిప్పాను. మిక్సీ వద్దు, పెరుగు మళ్లీ జారిపోతుంది.

సాయంత్రం దాకా ఫ్రిజ్‌లో ఉన్నా నీరు ఊరలేదు. తీపి బిస్కెట్లకన్నా ఉప్పు బిస్కెట్లే దీనికి బాగా నప్పుతాయి.