వకాలతు మీద సంతకం పెట్టే ముందు: విడాకుల లాయరు విషయంలో సిక్కోలు, విజయనగరం వాళ్లకు కొన్ని జాగ్రత్తలు

మా చెల్లి విడాకుల కేసు ఏమైందో మాకు తెలిసింది శ్రీకాకుళం కోర్టు దగ్గర ఒక జెరాక్స్ షాపులో. ఏడాదికి పైగా నడుస్తోందనుకుంటున్న కేసు. షాపు అబ్బాయి ఫోన్‌లో ఈ-కోర్ట్స్ యాప్ తెరిచి, మా దగ్గరున్న పాత కాగితం మీది నంబరు కొట్టాడు. కాసేపు చూసి, "అక్కా, ఇది నాలుగు నెలల కిందటే కొట్టేసినట్టుంది" అన్నాడు. అమ్మకు ఆ మాట అర్థం కాలేదు. "ఏటి కొట్టీసినారు బావూ? మనం గెలిచినట్టేనా?" అని అడిగింది. చెల్లి షాపు ముందున్న బల్ల మీద అలా కూలబడిపోయింది.

మేం పెట్టుకున్న లాయరు విశాఖపట్నంలో ఉంటారు. మావయ్య స్నేహితుడు చెబితే వెళ్లాం. మొదటి రెండు వాయిదాలకు జూనియర్‌ను పంపారు, తరవాత ఎవరూ వెళ్లలేదు. ఫోన్ చేస్తే "నడుస్తోందమ్మా, టెన్షన్ పడకండి" అనేవారు. కేసు వేసినవాళ్ల తరఫున ఎవరూ రాకపోతే కోర్టు దాన్ని డిఫాల్ట్ కింద కొట్టేస్తుంది, అంటే విచారించకుండానే మూసేస్తుంది. తిరిగి తెరిపించుకోవడానికి గడువు 30 రోజులే. మాకు అది ఎప్పుడో దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషను, కేసు పునరుద్ధరించమని ఇంకొకటి వేసి, బయల్దేరిన చోటికే తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ ఎనిమిది నెలలు ఇంకో ఇంటికి రాకూడదనే ఇది రాస్తున్నాను. పెద్ద ఊళ్లో పెద్ద పేరున్న లాయరు కన్నా, మీ కేసు నడిచే కోర్టులో రోజూ నిలబడే లాయరు మేలు. మిగతా జాగ్రత్తలన్నీ దీని తరవాతే.

ముందు కోర్టు, ఆ తరవాత లాయరు

కేసు ఎక్కడ వేయొచ్చో తెలిస్తే లాయరును ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట వేయొచ్చు, ఎదుటివాళ్లు ఉంటున్న చోట వేయొచ్చు, ఇద్దరూ చివరిగా కలిసున్న చోట వేయొచ్చు. 2003లో చేసిన సవరణతో, భార్య కేసు వేస్తే ఆమె ఇప్పుడు ఉంటున్న చోట కూడా వేసుకోవచ్చు. మన సరిహద్దు ఊళ్లకు ఇది చాలా పెద్ద సంగతి. ఇచ్ఛాపురం పిల్లను బరంపురం ఇచ్చినా, పాతపట్నం పిల్లను పర్లాకిమిడి ఇచ్చినా, పుట్టింటికి వచ్చేసిన అమ్మాయి ఒడిశా కోర్టుల చుట్టూ తిరగనక్కర్లేదు. అటువాళ్లే ముందుగా ఒడిశాలో కేసు వేసేస్తే, దాన్ని ఇటు మార్చమని సుప్రీంకోర్టును అడగాలి. రెండు కోర్టులూ మన రాష్ట్రంలోనే ఉంటే హైకోర్టును అడగాలి.

ఫ్యామిలీ కోర్టు పరిధిలో ఉన్నవాళ్లకు అక్కడ ఎఫ్‌సీఓపీ (ఫ్యామిలీ కోర్టు పిటిషను) నంబరు పడుతుంది, మిగతా చోట్ల సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో హెచ్‌ఎంఓపీ (హిందూ వివాహ పిటిషను) నంబరు. మీ మండలం ఏ కోర్టు కిందికి వస్తుందో, కలవబోయే లాయరు ఆ కోర్టుకు వారంలో ఎన్ని రోజులు వెళ్తారో మొదటే అడగండి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లకు పైనే. ప్రతి వాయిదాకూ ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీలు, తోడు వచ్చేవాళ్ల భోజనం లెక్కేస్తే లాయరు ఫీజు కన్నా అదే ఎక్కువవుతుంది.

వీలైతే ఎవరినీ కలవకముందే ఒక పూట కోర్టుకు వెళ్లి రండి. భార్యాభర్తల కేసుల విచారణ గుట్టుగా జరగాలని చట్టమే చెబుతుంది కాబట్టి హాల్లో కూర్చుని వినడం కుదరదు. వరండా చాలు. పదిన్నరకు పేర్లు పిలవడం మొదలవుతుంది. పిలవగానే స్వయంగా లోపలికి వెళ్లేది ఎవరు, ప్రతిసారీ జూనియర్‌తో వాయిదా అడిగించేది ఎవరు, బయటికి వచ్చాక తన క్లయింటును పక్కకు తీసుకెళ్లి జరిగింది చెప్పేది ఎవరు అన్నది రెండు గంటల్లో తెలిసిపోతుంది. మా రెండో లాయరును మేం అలాగే చూసుకున్నాం. ఆవిడ ఒక ముసలాయనకు తరవాతి వాయిదా తేదీ కాగితం మీద రాసిచ్చి, "పెద్దాయనా, ఆ రోజు మీరు రాకపోయినా పరవాలేదు, నేనుంటాను" అని చెప్పడం చెల్లి చూసింది. ఈవిడ దగ్గరికి వెళ్దాం అంది.

గేటు దగ్గర పలకరించేవాళ్లు

కోర్టు గేటు దగ్గరా, టీ కొట్టు దగ్గరా "ఏ కేసమ్మా, మా సారు దగ్గరికి రండి" అని ఎవరైనా వెంటబడితే వెళ్లకండి. మన దేశంలో లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు, మనుషుల్ని పెట్టి కేసులు పట్టుకోకూడదు. అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం. మీరు లాయరుకు చెప్పిన మాటను ఆయన బయటపెట్టకూడదని చట్టం ఉంది. టీ కొట్టు దగ్గర మధ్యవర్తికి చెప్పుకున్న దానికి ఆ రక్షణ లేదు. సాయంత్రానికల్లా అది ఎదుటివాళ్ల ఊరికి చేరిపోవచ్చు.

"పదిహేను రోజుల్లో విడాకులు" అన్న మాట ఎక్కడ విన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఇద్దరూ ఇష్టపడి విడిపోయే 13-బి కేసులో కూడా కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. పిటిషను వేశాక ఆరు నెలలు ఆగి రెండోసారి కోర్టు ముందుకు రావాలి. ఆ ఆరు నెలల్ని కోర్టు తగిన కారణాలుంటే తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నిర్ణయం జడ్జిగారిది. దానికి లాయరు హామీ ఇవ్వలేరు.

మొదటి కూర్చోవడంలో

మన ఊళ్లు చిన్నవి. అందరూ అందరికీ ఏదో వరసే. కాబట్టి గోడు వెళ్లబోసుకోకముందే ఎదుటివాళ్ల పేరు, ఊరు, ఇంటిపేరు చెప్పి "వీళ్లు మీకు తెలుసా అండీ, వీళ్ల కేసులు ఏవైనా చూశారా?" అని అడగండి. తెలుసు అంటే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇద్దరూ ఇష్టపడి విడిపోతున్నా సరే, ఇద్దరికీ ఒకే లాయరు వద్దు. పిల్లలు ఎవరి దగ్గరుండాలి, బంగారం ఎంత తిరిగి రావాలి అనే దగ్గర ఇద్దరి లాభం ఒకటి కాదు.

మంచి లాయరు మీకన్నా ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు. పెళ్లయి ఎన్నాళ్లయింది అంటారు, ఎందుకంటే ఏడాది నిండకుండా విడాకుల కేసు మామూలుగా వేయనివ్వరు. కలిసుండే అవకాశం ఏమైనా ఉందా అంటారు, ఎందుకంటే ఫ్యామిలీ కోర్టు కూడా ముందు రాజీకే ప్రయత్నిస్తుంది. మీ వైపు తప్పులేమిటి అని కూడా అడుగుతారు. ఆ ప్రశ్నకు చెల్లికి కోపం వచ్చింది, మొహం తిప్పేసుకుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయరు సరిగ్గా అదే అడిగినప్పుడు మాత్రం తడబడకుండా చెప్పింది. ఫ్యామిలీ కోర్టులో జడ్జిగారు చాలాసార్లు నేరుగా మనతోనే మాట్లాడతారు. అక్కడ లాయరు ఉండటం కూడా కోర్టు అనుమతితోనే. అందుకని మనల్ని మాట్లాడటానికి సిద్ధం చేసే లాయరు కావాలి.

ఆ మొదటి రోజే మనోవర్తి సంగతి అడగండి. కేసు నడుస్తుండగానే మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు అడిగే హక్కు 24వ సెక్షన్ ఇస్తుంది. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరవాత భరణం కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలు అఫిడవిట్‌గా ఇవ్వాలి. జీతం స్లిప్పులు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్ల ఊసే ఎత్తకుండా "నెలకు ఇంత ఇప్పిస్తాను" అని అంకె చెప్పే లాయరును నమ్మకండి.

పైన చెప్పిన సెక్షన్లు హిందూ వివాహ చట్టానివి. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం, ముస్లిం స్త్రీలకు 1939 నాటి చట్టం, 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద పెళ్లయినవాళ్లకు ఆ చట్టమే వర్తిస్తాయి. మన ఏజెన్సీలోని సవర, జాతాపు వంటి షెడ్యూల్డు తెగల వాళ్లకు హిందూ వివాహ చట్టం తనంతట తాను వర్తించదు, వాళ్ల ఆచారమే ముఖ్యం. అలాంటి కేసు అంతకుముందు చూసిన లాయరు దగ్గరికే వెళ్లండి. తెలియని లాయరు హెచ్‌ఎంఓపీ వేసేస్తే అది నిలవకపోవచ్చు, కాలం వృథా.

కేసుల మీద కేసులు

కొందరు లాయర్లు "ముందు అత్తా, మామా, ఆడపడుచు, మరిది, అందరి మీదా కేసు పెట్టేద్దాం, వాళ్లే దిగొస్తారు" అంటారు. కొట్టినా, కట్నం కోసం వేధించినా కేసు పెట్టాల్సిందే. ఒక్క రోజు కూడా ఆగొద్దు. 112కు గానీ, మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయండి, గృహహింస చట్టం కింద రక్షణ కోరండి. జరగనిదాన్ని రాయించడానికి మాత్రం ఒప్పుకోకండి. ఎవరు ఏం చేశారో చెప్పకుండా కుటుంబం మొత్తాన్నీ ఇరికించడం తగదని 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. అబద్ధం ఒక్కటి బయటపడితే మీరు పడ్డ అసలు బాధను కూడా ఎవరూ నమ్మరు. నాకు దీనంత భయం వేసే సంగతి ఇంకొకటి లేదు.

సంతకం, కాగితాలు, డబ్బు

ఖాళీ కాగితం మీద, ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం వద్దు. ఎంత దగ్గరివాళ్లు చెప్పినా వద్దు. వకాలతులో (మన తరఫున వాదించడానికి లాయరుకు అధికారమిచ్చే కాగితం) లాయరు పేరు, కోర్టు పేరు, ఇరుపక్షాల పేర్లు నింపాకే పెట్టండి. పిటిషను ఇంగ్లీషులో ఉంటే ప్రతి పేరా తెలుగులో చదివి వినిపించమనండి. చెల్లి మొదటి పిటిషనులో పెళ్లి జరిగిన ఊరే తప్పుగా ఉంది, ఎవరం చూసుకోలేదు.

శుభలేఖ, పెళ్లి ఫొటోలు, బంగారం బిల్లులు, సారె సామాన్ల జాబితా, ఆసుపత్రి కాగితాలు, ఫోన్ మెసేజీలు అన్నీ జెరాక్సులే ఇవ్వండి. అసలువి కోర్టులో దాఖలు చేసే రోజున మీ చేత్తో తీసుకెళ్లండి.

ఫీజు మొత్తం ఎంత, ఏ దశలో ఎంత, టైపింగు, బత్తా (నోటీసులు పంపడానికి కోర్టులో కట్టే డబ్బు), జూనియర్ ఖర్చులు అందులోనే కలిసున్నాయా, విడిగానా అన్నది ఒక కాగితం మీద రాయించుకోండి. ఫోన్‌పే చేస్తే మంచిది, చేతికిస్తే రసీదు అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. "వచ్చే భరణంలో నాకు ఇంత శాతం" అని ఎవరైనా అంటే అది నియమాలకు విరుద్ధం. ఫీజు బాకీ ఉందని మీ ఫైలు ఆపే హక్కు కూడా లాయరుకు లేదు, 2000లోనే సుప్రీంకోర్టు తేల్చింది. లాయరును మార్చాలనుకుంటే ఆయన దగ్గర నో అబ్జెక్షన్ తీసుకుని కొత్త వకాలతు వేయించాలి. ఆయన ఇవ్వనంటే కోర్టు అనుమతి అడగొచ్చు. మరీ మోసం జరిగితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

కేసు నంబరు పడిన రోజే సీఎన్‌ఆర్ నంబరు (ఈ-కోర్ట్స్‌లో ఒక్కో కేసుకు విడిగా ఉండే నంబరు) రాయించుకోండి. పదహారు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తరవాతి వాయిదా, క్రితం వాయిదాలో ఏం జరిగింది అన్నీ కనిపిస్తాయి. చెల్లి ఇప్పుడు ప్రతి శుక్రవారం రాత్రి చూసుకుంటుంది.

డబ్బు లేకపోతే

ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు రాసిస్తే చాలు, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. అలా వచ్చిన లాయరును కూడా పైన చెప్పినట్టే ప్రశ్నలు అడగండి. మిమ్మల్ని డబ్బులు అడిగితే ఆ సంస్థలోనే చెప్పండి.

పెద్దమనుషుల కాగితం

మన పల్లెల్లో ఇంకా చాలా తెగతెంపులు రచ్చబండ దగ్గరే అయిపోతాయి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఇద్దరి సంతకాలు, నలుగురు పెద్దల సాక్షి సంతకాలు, నోటరీ ముద్ర. కులాచారం ప్రకారం విడాకులు ఉన్న చోట చట్టం దాన్ని కాదనదు. అయితే ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాల్సి వస్తుంది. అలాంటి ఆచారం లేనివాళ్ల విషయంలో ఆ కాగితం విడాకులు కాదు. దాన్ని నమ్మి ఇంకో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, కేసు కూడా అవుతుంది. "కోర్టు ఎందుకు, నోటరీ చేయించేద్దాం" అని లాయరే అంటే ఇంకో లాయరును అడగండి.

డిక్రీ (విడాకులు ఇస్తూ కోర్టు ఇచ్చే ఉత్తర్వు) వచ్చాక కూడా తొందర వద్దు. ఎదుటివాళ్లు పోరాడిన కేసయితే, రాకుండా ఎక్స్‌పార్టీగా అయినదైతే మరీనూ, అప్పీలు గడువు దాటిందా, అప్పీలు ఏమైనా పడిందా అని లాయరు చేత చూపించుకున్నాకే మళ్లీ పెళ్లి మాట ఎత్తాలి. హిందూ వివాహ చట్టం అప్పీలుకు 90 రోజులు ఇస్తోంది. తీర్పు చెప్పిన రోజే సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టించి, వచ్చాక పేర్లు, ఇంటిపేర్లు, పెళ్లి తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఆధార్‌లో ఒకలా, డిక్రీలో ఒకలా ఉంటే వెంటనే సవరణ పిటిషను వేయించండి. రెండు మూడు కాపీలు తీసుకుని ఒకటి పుట్టింట్లో ఉంచండి.