కార్పెంటర్ అసలు జిమ్మర్‌మన్: పెన్సిల్వేనియా జర్మన్ పూర్వీకులు దొరకనప్పుడు

మా అల్లుడి ఇంటిపేరు కార్పెంటర్. తమది ఇంగ్లిష్ కుటుంబమనే వాళ్లింట్లో అందరూ అనుకునేవారు. 1700ల నాటి వీలునామా కాపీ తెప్పిస్తే, అడుగున సంతకం జర్మన్ రాతలో ‘జిమ్మర్‌మన్’ అని ఉంది. జర్మన్‌లో వడ్రంగి అని అర్థం. ఆ వెతుకులాటలో నేను ఇరుక్కున్న చోట్లు ఇవి.

సమస్య: ఇంటిపేరు ఎక్కడా తగలడం లేదు.
అప్పట్లో పెన్సిల్వేనియా అమెరికాలో బ్రిటిష్ వలస. జర్మనీ నుంచి వచ్చినవాళ్ల పేర్లను ఇంగ్లిష్ గుమస్తాలు చెవికి వినిపించినట్టు రాసుకున్నారు. ష్నైడర్ (అంటే దర్జీ) స్నైడర్ అయ్యాడు. కొందరు అర్థం చూసుకుని టైలర్ అయిపోయారు, యేగర్లు (అంటే వేటగాళ్లు) హంటర్లయ్యారు. కాబట్టి ఉచ్చారణతోనూ, అర్థంతోనూ వెతకాలి.

తర్వాత ఓడ జాబితాలు పట్టుకోండి. 1727 నుంచి ఫిలడెల్ఫియాలో దిగిన జర్మన్ మగవాళ్లు, 16 ఏళ్లు దాటితే, బ్రిటన్ రాజుకు విధేయులమని ప్రమాణం చేయాల్సి వచ్చేది. ఒక్కో ఓడకు మూడు జాబితాలుండేవి, అన్నీ మిగల్లేదు. కెప్టెన్ ఇచ్చిన జాబితాలో స్పెల్లింగులు ఘోరం. ప్రమాణాల జాబితాలు రెండింటిలో మాత్రం వచ్చినవాడి సొంత సంతకం ఉంటుంది. దాన్ని వీలునామా సంతకం పక్కన పెట్టి చూడండి. రాయడం రానివాడైతే పేరుకూ ఇంటిపేరుకూ మధ్య ఒక గీతో, ఇంటూ గుర్తో ఉంటుంది, పేరు గుమస్తా రాసిందే. ఆడవాళ్లు, పిల్లలు చాలా జాబితాల్లో లేరు. అంతమాత్రాన మనవాడు ఒంటరిగా వచ్చాడనుకోకండి.

సమస్య: అన్నదమ్ములందరూ యోహాన్‌లే.
మన దగ్గర వెంకట సుబ్బారావు, వెంకట రమణయ్య ఒకే ఇంట్లో ఉండరూ? అంతే. ఇంట్లో పిలిచేది రెండో పేరు. యోహాన్ గేయార్గ్ అమెరికా కాగితాల్లో జార్జ్‌గా కనిపిస్తాడు. యోహాన్నెస్ అని ఉంటే మాత్రం అదే పిలుపు పేరు కావచ్చు. ఆడవాళ్ల ఇంటిపేరు చివర ‘ఇన్’ చేరుతుంది, మ్యూలరిన్ అంటే మ్యూలర్ ఇంటామె.

సమస్య: తేదీలు పొంతన లేవు.
బ్రిటిష్ రాజ్యం క్యాలెండర్ మారుస్తూ 1752 సెప్టెంబరులో 11 రోజులు ఎగరేసింది. అంతకుముందు వాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1740 ఫిబ్రవరి అని ఇంగ్లిష్ రికార్డులో ఉంటే మన లెక్కకు 1741.

సమస్య: బాప్తిస్మం రికార్డు లేదు.
మెన్నొనైట్లయితే (అదొక క్రైస్తవ శాఖ) ఉండదు, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. భూమి పత్రాలు, వీలునామాలే దిక్కు. లూథరన్లయితే ఊరూరా తిరిగిన పాస్టర్ల సొంత రిజిస్టర్లు చూడండి, స్టోవర్ అనే పాస్టరుది అలాంటిదే. (1748లో పాస్టరు ముహ్లెన్‌బర్గ్ అక్కడ లూథరన్ పాస్టర్ల సంఘాన్ని ఏర్పాటు చేశాడు. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హేయర్‌ను పంపింది ఆ సంఘమే!) కౌంటీ (మన జిల్లా లాంటిది) కూడా సరిచూసుకోండి. బెర్క్స్ కౌంటీ 1752లో పుట్టింది. అంతకుముందువి ఫిలడెల్ఫియా, లాంకాస్టర్, చెస్టర్ కౌంటీల్లో ఉంటాయి.

సమస్య: జర్మనీలో ఏ ఊరో తెలియదు.
అప్పటికి జర్మనీ అనే ఒకే దేశం లేదు. ఎక్కడినుంచి వచ్చినా ఇంగ్లిష్ వాళ్లకు అందరూ ‘పాలటైన్లే’, అంటే రైన్ నది ఒడ్డున ఉన్న పాలటినేట్ ప్రాంతం వాళ్లే. మనవాణ్ని వదిలి చుట్టుపక్కల వాళ్లను పట్టుకోండి: ఓడ జాబితాలో ముందూ వెనకా సంతకాలు, పిల్లల బాప్తిస్మానికి నిలబడ్డ జ్ఞాన తల్లిదండ్రులు, పొలం గట్టు పక్కవాళ్లు. ఒకే ఊరివాళ్లు కలిసి బయల్దేరడం మామూలే. వాళ్లలో ఒకరి ఊరు తెలిస్తే ఆ చర్చి రిజిస్టరు తెరవండి. కొన్నిచోట్ల పేరు పక్కన పాస్టరు ‘పెన్సిల్వేనియా వెళ్లాడు’ అని రాసి ఉంటాడు.

పేరు కలిసింది కదా అని పండగ చేసుకోకండి, ఖననాల పేజీ కూడా చూడండి. మాకు దొరికిన పిల్లాడు రెండేళ్లకే పోయాడు. నీరుగారిపోయి రిజిస్టరు మూసేయబోతుంటే మా అల్లుడు ఇంకో రెండు పేజీలు తిప్పాడు. పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడం వాళ్ల అలవాటట. ఓడెక్కింది ఆ రెండోవాడు.