అసెంబుల్డ్ సిస్టంలో విండోస్, లైసెన్స్: ఎక్కడ ఆగుతుంది, ఎందుకు, ఏం చేయాలి

ఒంగోలులో సిస్టంలు అసెంబుల్ చేసి ఇస్తుంటాను. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులు, టంగుటూరు పొగాకు వ్యాపారులు, కావలి వైపు రొయ్యల మేతల షాపులు నా కస్టమర్లు. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ బిగించడం గంట పని. ఫోన్లన్నీ ఆ తర్వాత విండోస్ గురించే వస్తాయి.

"ఈ పీసీలో విండోస్ 11 నడవదు" అంటోంది

విండోస్ 11కి టీపీఎం 2.0 (తాళాలు, కీలు భద్రంగా దాచే చిప్ లాంటిది), సెక్యూర్ బూట్‌కు (నమ్మకమైన సాఫ్ట్‌వేరే బూట్ అయ్యేలా చూసే కాపలా) వీలున్న యూఈఎఫ్ఐ (బోర్డులోని కొత్తరకం స్టార్టప్ సాఫ్ట్‌వేర్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం కావాలి. కొత్త బోర్డయినా ఈ మెసేజ్ వస్తే టీపీఎం ఆఫ్‌లో ఉందేమో బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్ మెనూలో) చూడండి. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. దాన్ని ఆన్ చేసి, సీఎస్ఎం (పాత పద్ధతి బూటింగ్) ఆఫ్ చేసి, సేవ్ చేస్తే చాలు. ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతదైతే మాత్రం చాలావరకు మైక్రోసాఫ్ట్ లిస్టులో ఉండదు, బయోస్‌లో ఏం మార్చినా లాభం లేదు. చెకింగ్ తప్పించే దొడ్డిదారులు ఉన్నాయి గానీ, కస్టమర్ మెషీన్ మీద నేను వాడను.

డిస్క్ కనిపించదు, కనిపించినా విండోస్ ఎక్కదు

విండోస్ ఎక్కించేటప్పుడు డిస్క్‌ల లిస్టు ఖాళీగా ఉందా? ఇంటెల్ 11వ తరం, ఆ పైవాటిలో వీఎండీ (డిస్క్‌లను నడిపించే ఇంటెల్ పద్ధతి) ఆన్‌లో ఉంటే ఇలా జరుగుతుంది. బోర్డు కంపెనీ సైటులో వీఎండీ డ్రైవర్ దించుకుని, విడదీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, "లోడ్ డ్రైవర్" దగ్గర చూపించండి.

డిస్క్ కనిపించి, "ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది" అంటే అది పాత పద్ధతిలో ఫార్మాట్ అయిన డిస్క్. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, డిస్క్‌పార్ట్‌లో (diskpart) డిస్క్ ఎంచుకుని "క్లీన్" (clean), ఆ తర్వాత "కన్వర్ట్ జీపీటీ" (convert gpt, కొత్త పద్ధతికి మార్చడం) కొట్టాలి. క్లీన్ కొడితే ఆ డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది. పొగాకు వేలం సీజన్లో ఒకాయన పాత హార్డ్‌డిస్క్ తెచ్చి, "ఇది కూడా లోపల పెట్టు బాబూ, ఐదేళ్ల లెక్కలు దీంట్లోనే ఉండాయి" అన్నారు. అలాంటి డిస్క్‌కు విండోస్ పూర్తిగా ఎక్కేదాకా నేను కేబులే పెట్టను.

బోర్డు మార్చాక కుడివైపు కింద "యాక్టివేట్ విండోస్" వచ్చింది

చీమకుర్తిలో ఒక ఆఫీసు సిస్టం ఆగిపోయింది. క్యాబినెట్ తెరిస్తే ఫ్యాన్ రెక్కల మీద బూడిద రంగు రాతి పొడి గోరుతో గీస్తే గీత పడేంత మందంగా పేరుకుపోయి ఉంది. బోర్డు పోయింది. అర్జంటని చేతికి దొరికిన వేరే కంపెనీ బోర్డు వేశాను. మర్నాడే ఫోన్: "ఏందన్నా ఇది, విండోస్‌కి డబ్బులు కట్టాం గదా!"

కట్టారు, నిజమే. కానీ అది ఓఈఎం లైసెన్స్ (సిస్టంతో పాటు అమ్మేది). ఆ రకం మొదట ఎక్కిన సిస్టంతోనే ముడిపడి ఉంటుంది, లెక్కలో బోర్డే ఆ సిస్టం. బోర్డు పాడైతే అదే మోడల్ గానీ, దానికి సమానమని కంపెనీ వారంటీ కింద ఇచ్చేది గానీ వేస్తే కొత్త లైసెన్స్ కొనక్కర్లేదు. నేను రెండు రోజులు ఆగి ఉంటే ఆయనకు ఆ ఖర్చు తప్పేది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రిటైల్ లైసెన్స్ (విడిగా కొన్నది) అయితే పాత సిస్టంలోంచి తీసేసి కొత్తదానికి మార్చుకోవచ్చు. బోర్డు మార్చే ముందే దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు కలిపి ఉంచండి. తర్వాత సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్ తెరిచి, "ఈమధ్య హార్డ్‌వేర్ మార్చాను" అన్నది ఎంచుకుంటే సరిపోతుంది. ఏ రకమో తెలియకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో "ఎస్ఎల్ఎంజీఆర్ /డీఎల్ఐ" (slmgr /dli) కొట్టండి. రిటైలా, ఓఈఎమ్మా, వాల్యూమా (సంస్థలు టోకున కొనేది) అన్నది చెబుతుంది.

లైసెన్స్ గడువు ముగుస్తుందని మెసేజ్

అదే కమాండ్‌లో "వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్" అని వస్తే అది పెద్ద సంస్థలు తమ సర్వర్‌తో నడుపుకునే పద్ధతి. ఆ యాక్టివేషన్ 180 రోజులే ఉంటుంది, ఆలోపు సర్వర్‌ను మళ్లీ కలవాలి. చిన్న షాపు సిస్టంలో అది కనిపించిందంటే చాలావరకు ఎవరో క్రాక్ (కీ కొనకుండా దొంగదారిన యాక్టివేట్ చేసే ప్రోగ్రాం) వేసి ఉంటారు. క్రాక్ ఎక్కాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. బ్యాంకు పాస్‌వర్డ్‌లు కొట్టే మెషీన్‌లో అదెంత ప్రమాదమో ఆలోచించండి. డేటా పక్కన పెట్టి, ఫార్మాట్ చేసి, కొన్న కీ వేయడమొక్కటే మార్గం. బడ్జెట్ లేకపోతే విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు వేసిస్తాను, బిల్లులు టైప్ చేసుకోవడానికి, మెయిల్‌కు చక్కగా సరిపోతుంది.

ఒప్పందం మీద "యాక్సెప్ట్" ఎవరు నొక్కాలి?

సిస్టంలు అసెంబుల్ చేసే మనలో చాలామంది మనమే నొక్కేసి, మన మెయిల్‌తో లాగిన్ అయి ఇచ్చేస్తాం. తర్వాత లైసెన్స్ మన అకౌంట్‌లో ఉంటుంది. కొన్ని సిస్టంలలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే డేటా తెరుచుకోకుండా వేసే తాళం) దానంతటదే ఆన్ అవుతుంది, ఆ రికవరీ కీ కూడా మన అకౌంట్‌లోకే పోతుంది. ఏడాది తర్వాత బయోస్ అప్‌డేట్ చేయగానే నీలం స్క్రీన్ మీద ఆ కీ అడిగితే, కస్టమర్ దగ్గర ఏమీ ఉండదు.

అందుకే విండోస్ ఎక్కాక దేశం, భాష అడిగే మొదటి స్క్రీన్ దగ్గరే కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 నొక్కుతాను. ఆడిట్ మోడ్‌లోకి (అకౌంట్ లేకుండానే సిస్టం సిద్ధం చేసుకునే మోడ్) వెళ్తుంది. డ్రైవర్లు, ప్రింటర్, అప్‌డేట్లు అన్నీ అక్కడ పూర్తి చేసి, సిస్‌ప్రెప్ అనే విండోస్ టూల్‌లో ఓఓబీఈ (మళ్లీ ఆన్ చేస్తే మొదటి సెటప్ స్క్రీన్లు వచ్చేలా చేసేది), షట్‌డౌన్ ఎంచుకుంటాను. అదే సిస్టం కాబట్టి జనరలైజ్ (వేరే సిస్టంలకు కాపీ చేసేందుకు ఈ సిస్టం గుర్తులు చెరిపేది) టిక్ అక్కర్లేదు. కస్టమర్ ఆఫీసులో ఆన్ చేయగానే ఒప్పందం ఆయన ముందుకే వస్తుంది. ఈ లైసెన్స్ ఏ రకం, ఇంకో సిస్టంకు మార్చుకోవచ్చా లేదా అన్నది అప్పుడే చెప్పి, బిల్లు మీద కూడా రాస్తాను. మెయిల్ లేకపోతే అక్కడే ఆయన ఫోన్‌లో తెరిపిస్తాను. పాస్‌వర్డ్ కొట్టే టైముకు కుర్చీ ఆయనకిచ్చి పక్కకు వస్తాను.