సోలార్ ప్యానెల్ ఎంత వాల్చాలి? ఒడిశా సరిహద్దు ఊళ్లలో డాబా మీద కోణం కుదుర్చుకోవడం ఎలా

మా పర్లాకిమిడి ఇంటి మీద ప్యానెళ్లు మే నెలలో బిగించారు. మిట్టమధ్యాహ్నం, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన. బిగించడానికి వచ్చిన కుర్రాడు డాబా అంతా ఓసారి కలియజూసి, "ఎక్కడా నీడ లేదు, హెబొ ఆజ్ఞా" (ఒడియాలో, సరిపోతుందండీ అని) అన్నాడు. ఆ రోజు నిజంగానే లేదు. డిసెంబరు వచ్చేసరికి మెట్లగది నీడ పొద్దున్నే వచ్చి రెండు ప్యానెళ్ల మీద బజ్జునేది, పది దాటితే గానీ లేచేది కాదు. కోణం పదిహేనా, ఇరవయ్యా అని నెల రోజులు తల బద్దలుకొట్టుకున్నవాణ్ని, అసలు చూడాల్సిన నీడ సంగతి వదిలేశాను. అందుకే ఇక్కడ కోణం కంటే ముందు దిక్కు, నీడ చెబుతున్నాను.

మన ఊరి సూర్యుడి లెక్క

ఇంటర్నెట్‌లో దొరికే వీడియోల్లో చాలావరకు ఢిల్లీ లెక్కలే. ఢిల్లీ అక్షాంశం 28.6 డిగ్రీలు. మనది అంత కాదు: బరంపురం 19.3, రాయగడ 19.2, గుణుపూర్ 19.1, జయపురం 18.9, పర్లాకిమిడి 18.8, మల్కనగిరి 18.4కి కాస్త లోపు. అన్నీ ఒక్క డిగ్రీ తేడాలో ఉన్నాయి కాబట్టి కింద చెప్పేది ఈ ఊళ్లన్నిటికీ, అటు పాతపట్నం, ఇచ్ఛాపురం వాళ్లకీ సరిపోతుంది.

మధ్యాహ్నపు సూర్యుడికి ప్యానెల్ ఎదురుగా నిలబడాలంటే పర్లాకిమిడిలో డిసెంబరు 21న దాన్ని దక్షిణానికి 42 డిగ్రీలు వాల్చాలి. ఫిబ్రవరి నడుమ 32 చాలు, మార్చి నడుమ 21, ఏప్రిల్ నడుమ 9. మే 15 ప్రాంతంలో సున్నా. అంటే సూర్యుడు సరిగ్గా తలమీదికి వస్తాడు, బావి అడుగున నీళ్లలో కనిపించే రోజులవి. ఆ తర్వాత మనల్ని దాటి ఉత్తరానికి వెళ్లి, జులై 28 ప్రాంతంలో మళ్లీ తలమీదుగా దక్షిణానికి దిగుతాడు. ఈ రెండు తేదీల మధ్య మన ఊళ్లో మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. నమ్మకపోతే జూన్‌లో ఒక కర్ర పాతి చూడండి.

దక్షిణం పట్టుకోవడం

ఫోన్‌లోని దిక్సూచిని డాబా మీద నమ్మకండి. శ్లాబులో ఇనుము, పక్కన యాంగిలర్లు, నీళ్ల మోటారు ఉంటే సూది ఎటైనా తిరుగుతుంది. నీడను మించిన దిక్సూచి లేదు.

ఆ రోజు సూర్యోదయం, సూర్యాస్తమయం ఎన్నింటికో క్యాలెండర్‌లోనో ఫోన్‌లోనో చూసి, ఆ రెంటికీ సరిగ్గా నడిమి సమయం లెక్కగట్టండి. అదే అసలైన మధ్యాహ్నం. గడియారం పన్నెండుకు అది రాదు: పర్లాకిమిడిలో ఫిబ్రవరి రెండో వారంలో 12:08కి, నవంబరు మొదట్లో 11:37కే అయిపోతుంది. ఆ నిమిషానికి మేస్త్రీ తూకంగుండు దారాన్ని కదలకుండా వేలాడదీసి, నేలమీద పడిన దాని నీడ వెంబడి సుద్దతో గీత గీయండి. అదే ఉత్తర దక్షిణాల గీత. మే నుంచి జులై దాకా నీడ బెత్తెడు కూడా ఉండదు కాబట్టి ఈ పని చలికాలంలో పెట్టుకోండి.

గడియారంతో పని లేని పద్ధతీ ఉంది. నిటారుగా ఒక కర్ర నిలబెట్టి దాని చుట్టూ తాడుతో వృత్తం గీయండి. పొద్దున కర్ర నీడ కొస వృత్తాన్ని తాకినచోట ఒక గుర్తు, సాయంత్రం మళ్లీ తాకినచోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమరలు వచ్చేస్తాయి. శంకుస్థాపన అంటామే, ఆ శంకువుతో పూర్వం దిక్కులు పట్టింది ఇలాగే.

దక్షిణం నుంచి పది పదిహేను డిగ్రీలు అటూ ఇటూ అయితే దిగులు పడక్కర్లేదు. పిట్టగోడకు సమాంతరంగా అందంగా కనిపిస్తుందంటే అలాగే పెట్టుకోండి. కోరాపుట్ వైపు చలికాలం పొద్దుటిపూట మంచు దట్టంగా పడుతుంది, అక్కడ కాస్త నైరుతికి తిప్పడమే మంచిది. రేకుల ఇల్లు తూర్పు పడమరలకు వాలి ఉంటే రెండు వాలుల మీదా చెరిసగం వేసుకున్నా ఫరవాలేదు. ఉత్తరానికి వాలిన కప్పు మీద మాత్రం వద్దు: 15 డిగ్రీలు ఉత్తరానికి వాలిన ప్యానెల్ మీద డిసెంబరు మధ్యాహ్నం నేరుగా పడే ఎండలో దాదాపు సగం పోతుంది.

నీడ కొలత: ఏ నెలలో అయినా డిసెంబరును చూడొచ్చు

డిసెంబరు 21న ఏ వస్తువు నీడైనా మధ్యాహ్నం దాని ఎత్తుకు సుమారు 0.9 రెట్లు పొడవుంటుంది, ఉత్తరానికి పడుతుంది. ఉదయం తొమ్మిదికి 1.8 రెట్లు, వాయవ్యానికి. మధ్యాహ్నం మూడింటికి అంతే పొడవు, ఈశాన్యానికి. ఈ మూడు అంకెలు చాలు. డాబా నేలకంటే రెండున్నర మీటర్లు లేచిన మెట్లగది ఉందనుకోండి, తొమ్మిదింటికి దాని నీడ నాలుగున్నర మీటర్లు. టేపు పట్టుకుని ఆ మేర సుద్దతో గీసేయండి. నీళ్ల ట్యాంకుకు, డిష్ యాంటెనాకు, పక్కింటి కొబ్బరిచెట్టుకు కూడా. గీతల బయట మిగిలిన చోటే మీ ప్యానెళ్ల చోటు. ఉత్తరం వైపు చెట్టును మాత్రం కొట్టించకండి పాపం, దానివల్ల జూన్‌లో ఉదయం సాయంత్రం తప్ప నీడ రాదు.

కాస్త నీడేగా అనుకోకండి. ప్యానెళ్లను ఒకదాని వెంట ఒకటి వరుసగా కలుపుతారు. ఒక్కదానిలో కరెంటు తగ్గితే ఆ వరుసంతా దెబ్బతింటుంది. ఒక్కో ప్యానెల్‌లో మామూలుగా మూడుండే బైపాస్ డయోడ్లు నీడ పడ్డ భాగాన్ని తప్పించి కొంత కాపాడతాయి, మొత్తంగా కాదు.

రెండు వరుసలు వేస్తుంటే ముందు వరుస నీడ కూడా ఇదే లెక్క. ప్యానెల్ వెనక అంచు ముందు అంచుకంటే ఎంత ఎత్తు లేచిందో, దానికి కనీసం ఒకటింబావు రెట్లు మధ్యలో ఖాళీ వదలండి. ఇప్పుడు దొరికే 540 వాట్ల ప్యానెల్ సుమారు 2.28 మీటర్ల పొడవు. 18 డిగ్రీలకు వాలిస్తే వెనక అంచు 70 సెంటీమీటర్లు లేస్తుంది, ఖాళీ 90 దాకా కావాలి. అదే 34 డిగ్రీలైతే ఒకటిన్నర మీటరు పైనే పోతుంది. చిన్న డాబాకు నిలువు కోణం ఖరీదు ఇదీ.

మరి కోణం ఎంత?

మీకు కరెంటు ఏ నెలల్లో ఎక్కువ కావాలి? దాన్నిబట్టే.

నెట్ మీటరు (మనం వాడిన కరెంటునూ, లైనుకు తిరిగి పంపినదాన్నీ లెక్కగట్టే మీటరు) ఉన్న ఇల్లయితే ఏడాది మొత్తం ఎన్ని యూనిట్లన్నదే ముఖ్యం. 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఒక్కసారి బిగించి మరిచిపోండి. 18 దగ్గర పెడితే డిసెంబరు మధ్యాహ్నం నేరుగా పడే ఎండలో పోయేది 9 శాతం, జూన్‌లో 8 శాతం. మిగతా నెలల్లో ఇంకా తక్కువ. అదే నేలబారుగా పరిచేస్తే డిసెంబరులో 26 శాతం పోతుంది, పైగా వాననీళ్లు నిలిచి అంచున బురద గట్టిపడుతుంది. కింద ఎన్ని లెక్కలు చెప్పినా, 10 డిగ్రీలకు తగ్గకపోవడం మంచిదనేది నా మాట. దుమ్ము కడిగే పని వానే చేసిపెడుతుంది.

ఏసీ బిల్లుకే భయపడి పెట్టించుకుంటూ, డాబాలో చోటు తక్కువుంటే 10 నుంచి 15. వర్షాకాలంలో ఎండ నేరుగా కాక మబ్బుపట్టిన ఆకాశమంతటి నుంచీ వస్తుంది. తక్కువ వాలిన ప్యానెల్‌కు ఆకాశం ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి జులై, ఆగస్టుల్లోనూ దీనికి కాస్త మేలే.

వంశధార పక్కన రబీ పంటకు, కూరగాయల మడికి నీళ్లు తోడే సోలార్ పంపు లెక్క వేరు. వానాకాలంలో దానికి పనే లేదు. డిసెంబరు నుంచి మార్చి దాకానే కావాలి. అక్కడ 28, 30 డిగ్రీలు పెట్టండి. ఏడాది మొత్తం లెక్కలో కొంత నష్టం కనిపించినా, చేనుకు నీళ్లు కావలసిన నెలలో పంపు ఎక్కువసేపు తోడుతుంది.

ఈ అంకెలు సరిచూసుకోవాలంటే ప్రపంచ బ్యాంకు వారి గ్లోబల్ సోలార్ అట్లాస్‌లో మీ ఊరి మీద వేలు పెడితే సరిపోతుంది. అనుకూలమైన కోణం, ఏడాదిలో ఎన్ని యూనిట్లు రావచ్చో ఉచితంగా చూపిస్తుంది.

కోణమానిని లేకుండా కొలవడం

ఫోన్‌ను ప్యానెల్ చట్రం మీద పెడితే వాలు ఎంతో చూపించే యాప్‌లున్నాయి. మా మేస్త్రీకి అవేవీ పట్టవు, ఆయన పద్ధతే నాకు నచ్చింది. ప్యానెల్ పొడవులో ప్రతి మీటరుకు వెనక అంచు ఎంత లేపాలో చూసుకుంటే చాలు: 10 డిగ్రీలకు 17 సెంటీమీటర్లు, 18 డిగ్రీలకు 31, 30 డిగ్రీలకు 50, 34 డిగ్రీలకు 56. ముందు అంచు నుంచి రసమట్టంతో సమంగా దారం కట్టి, ఆ దారం నుంచి వెనక అంచుకు టేపు పెట్టి కొలవాలి. డాబా నేల నుంచి కొలిస్తే తప్పొస్తుంది, ఎందుకంటే వాననీళ్ల కోసం శ్లాబుకే వాటం ఇచ్చి ఉంటారు. మాది కొలిచినప్పుడు తూర్పు కాళ్లకీ పడమటి కాళ్లకీ నాలుగు వేళ్ల తేడా బయటపడింది.

ఏడాదికి రెండుసార్లు మార్చుకోదలిస్తే

లాభం నాలుగు శాతం దాకా. మూడు కిలోవాట్ల ఇంటికి రోజుకు పన్నెండు యూనిట్ల చొప్పున ఏడాదికి నాలుగు వేల పైచిలుకు వస్తాయనుకుంటే, దాంట్లో సుమారు 170 యూనిట్లు. దానికోసం కాళ్లకు కీళ్లు, అదనపు ఇనుము, ఏడాదికి రెండుసార్లు ఇద్దరు మనుషులు. ఇంటికైతే నేను వద్దంటాను. బోల్టు రంధ్రాలు ముందే ఉన్న పంపు స్టాండుకైతే చేయండి, ఖర్చేమీ లేదు.

లెక్క ప్రకారం మార్చి 21కి దించి సెప్టెంబరు 22కి ఎత్తాలి. మన తీరంలో ఆ రెండో తేదీ పనికిరాదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. సరిగ్గా ఆ నెల ముందు ప్యానెళ్లను తెరచాపల్లా ఎత్తిపెట్టడం ఎందుకు? అందుకని ఉగాదికి 10 డిగ్రీలకు దించండి, కార్తీక పౌర్ణమి వెళ్లాక 34కి ఎత్తండి. ఇక్కడివాళ్లు బొయిత బందాణ అని పొద్దున్నే అరటిదొప్పల పడవలు నీళ్లలో వదిలే రోజు, గుర్తుపెట్టుకోవడం తేలిక. ఆలస్యం చేసినందుకు అక్టోబరంతా పోయేది అయిదు శాతం అటూ ఇటూ. రెండు కోణాలకూ కాళ్ల మీద పెయింటుతో గుర్తు పెట్టేస్తే మళ్లీ కొలిచే పనుండదు.

మే నెలలో కంగారు

ఎండ మండిపోతోంది, ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్‌లో మాత్రం ఫిబ్రవరి కంటే తక్కువ చూపిస్తోందని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ప్యానెల్ మీద రాసిన వాట్లు దాని లోపలి బిళ్లలు 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటివి. అంతకుమించి ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మేలో ఆ బిళ్లల వేడి 65 దాకా పోతుంది, అంటే 12 నుంచి 16 శాతం దాకా వేడికే ఆహుతి. మరమ్మతు అక్కర్లేదు. రేకుల మీదైతే ప్యానెల్ కింద జానెడు సందు వదిలి గాలి ఆడనివ్వండి. కడిగేది తెల్లవారుజామునే. కాలిపోతున్న గాజు మీద చల్లటి నీళ్లు గుమ్మరిస్తే పగలొచ్చు.

గాలికి నిలవాలంటే

గంటకు 150 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 100 కిలోల బరువుతో తోస్తుంది. ఒక్క 540 వాట్ల ప్యానెల్ మీద అది 250 కిలోలు దాటుతుంది, అదీ చాలాసార్లు కిందనుంచి పైకి. అందుకే కాళ్లను ఉత్తి శ్లాబుకు కాక స్తంభాలు, దూలాలు ఉన్నచోట బిగించమనండి. జింకుపూత ఉన్న ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, వదులు కాని నైలాన్ నట్లు అడిగి తీసుకోండి. కింద కారు పెట్టుకుందామని ఎనిమిది అడుగుల ఎత్తు స్టాండు వేయించే సరదా బరంపురం తీరప్రాంతంలో ఉన్నవాళ్లు మానుకోవడం మంచిది.

దసరా ముందు స్పానరు తీసుకుని ప్రతి నట్టూ ఓసారి తిప్పి చూడండి. తుఫాను కబురు వచ్చాక డాబా ఎక్కొద్దు. గాలి తగ్గిన తర్వాత ఊళ్లో కరెంటు లేకపోతే నెట్ మీటరు ఇళ్లలో ఇన్వర్టర్ కూడా పనిచేయదు, ఎంత ఎండ కాసినా సరే. లైన్‌మన్ ప్రాణం కోసం దాన్ని అలాగే తయారుచేస్తారు. అయినా ప్యానెళ్ల నుంచి వచ్చే తీగల్లో పొద్దు ఉన్నంతసేపూ కరెంటు ఉంటూనే ఉంటుంది. తెగి వేలాడుతున్న తీగ కనిపిస్తే చేత్తో పక్కకు తీయబోకండి, పిల్లల్ని డాబా మీదికి రానివ్వకుండా తలుపు గొళ్లెం పెట్టి, బిగించినవాళ్లకు ఫోన్ చేయండి.