జీపీఎస్ మాడ్యూల్ పంపే డేటాను చదవడం ఎలా?

నియో-6ఎం లాంటి చిన్న జీపీఎస్ మాడ్యూల్ కొన్నాక చాలామంది దాన్ని నేరుగా ఆర్డుయినోకి (కోడ్ ఎక్కించి నడిపే చిన్న బోర్డు) తగిలించేసి, నెట్‌లో దొరికిన కోడ్ ఎక్కించేసి, స్క్రీన్ మీద ఏమీ రాకపోతే మాడ్యూల్ పాడైందని పక్కన పడేస్తారు. దయచేసి అలా చేయకండి. ముందు కంప్యూటర్‌కి కలిపి అది పంపే లైన్లు మీ కళ్లతో చూడండి, కోడ్ సంగతి తర్వాత.

దీనికి 3.3 వోల్టుల సిగ్నల్ ఉన్న యూఎస్‌బీ-టీటీఎల్ కన్వర్టర్ (మాడ్యూల్ సిగ్నల్‌ని కంప్యూటర్ యూఎస్‌బీకి మార్చే చిన్న బోర్డు) ఒకటి చాలు. మాడ్యూల్ టీఎక్స్ (పంపే) పిన్ కన్వర్టర్ ఆర్ఎక్స్ (అందుకునే) పిన్‌కి వెళ్లాలి, గ్రౌండ్ రెండింటికీ కలవాలి. పుట్టీ లాంటి టెర్మినల్ (వచ్చే అక్షరాలు చూపించే ప్రోగ్రామ్) తెరిచి స్పీడు 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్లు) పెట్టండి. పిచ్చి గుర్తులు వస్తుంటే ముందు అనుమానించాల్సింది స్పీడునే. పడవల్లో వాడే పాత రిసీవర్లు ఎక్కువగా 4800లో పంపుతాయి. వాటిలో ఆర్ఎస్-232 (పాత తరహా సీరియల్ కనెక్షన్) ఉంటే వోల్టేజి ప్లస్, మైనస్ రెండు వైపులా ఊగుతుంది కాబట్టి మధ్యలో మ్యాక్స్3232 లాంటి చిప్ లేకుండా బోర్డుకి తగిలించొద్దు, పిన్ కాలిపోవచ్చు.

వచ్చే లైన్ల పద్ధతి పేరు ఎన్ఎంఈఏ 0183. ప్రతి లైనూ డాలర్ గుర్తుతో మొదలవుతుంది, మధ్యలో కామాలు, చివర్లో నక్షత్రం గుర్తు, దాని తర్వాత రెండు అక్షరాల చెక్‌సమ్ (లైను తప్పు లేకుండా వచ్చిందో లేదో తేల్చే విలువ). విలువ తెలియకపోతే ఆ చోటు ఖాళీగా ఉంటుంది కానీ కామా పోదు, అందుకే కామాలు లెక్కపెట్టి చదవాలి. ముందుగా ఆర్ఎంసీ లైను (పేరు చివర RMC అని ఉండేది) చూడండి: పేరు, టైము, ఆ తర్వాత ఒక అక్షరం. అది 'వీ' అయితే ఇంకా లొకేషన్ దొరకలేదు, 'ఏ' అయితే దొరికింది. ఆరుబయట పెట్టి ఓపిక పట్టండి, ఇంట్లో బల్ల మీద పెట్టుకుని టెన్షన్ పడితే లాభం లేదు.

అందరూ బోల్తా పడేది అక్షాంశం దగ్గర. హైదరాబాద్‌లో 1723.1000 అని వస్తుంది. దాన్ని 17.231 అనుకుంటే మ్యాపులో సుమారు 17 కిలోమీటర్లు దక్షిణానికి పోతారు. మొదటి రెండంకెలు డిగ్రీలు, మిగతా 23.1 నిమిషాలు. 23.1ని 60తో భాగిస్తే 0.385, అంటే అసలు విలువ 17.385. రేఖాంశానికి డిగ్రీలు మూడంకెలు, 07829.2020 అంటే 78.4867. వేగం నాట్లలో ఉంటుంది, గంటకు కిలోమీటర్లలో కావాలంటే 1.852తో గుణించాలి. టైము యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మన టైముకి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. తారీఖు కూడా యూటీసీదే కనుక మనకు అర్ధరాత్రి దాటాక పొద్దున 5:30 దాకా నిన్నటి తారీఖే వస్తుంది, హాజరు లాగర్లు చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు ఆర్డుయినో. ఆర్డుయినో ఊనో బోర్డులో సాఫ్ట్‌వేర్ సీరియల్ (మామూలు పిన్లతో సీరియల్ డేటా చదివే లైబ్రరీ) వాడితే దాని బఫర్ (చదివేదాకా అక్షరాలు దాచే చోటు) 64 బైట్లే, ఒక్క లైను 82 అక్షరాల దాకా ఉండొచ్చు. లూప్‌లో ఒక సెకను డిలే పెట్టారంటే అక్షరాలు మధ్యలోనే పోతాయి, చెక్‌సమ్ కలవదు, వైరింగ్ తప్పేమోనని మీరు గంటలు వెతుకుతారు. డిలే తీసేసి, వచ్చిన అక్షరం వచ్చినట్టు చదివేయండి. డాలర్‌కీ నక్షత్రానికీ మధ్య ఉన్న అక్షరాలన్నిటినీ ఎక్స్ఓఆర్ (బిట్లను జతచేసే ఒక లెక్క, XOR) చేసి చెక్‌సమ్‌తో సరిపోకపోతే ఆ లైను మొహమాటం లేకుండా వదిలేయండి.

వినడానికి మాత్రమే అయితే మాడ్యూల్ ఆర్ఎక్స్ పిన్ కలపక్కర్లేదు. కమాండ్లు కూడా పంపాలంటే ఊనో ఇచ్చే 5 వోల్టులను 1 కిలో ఓం, 2 కిలో ఓం రెసిస్టర్లతో తగ్గించి ఇవ్వండి. సెకనుకి 5 సార్లు లొకేషన్ కావాలంటే ఈ దారి తప్పదు, ఎందుకంటే 9600లో సెకనుకి 960 అక్షరాలే వెళ్తాయి, అంటే ఒక్కో విడతకి 192, పెద్ద లైన్లు రెండు పట్టడమే ఎక్కువ. అవసరం లేని లైన్లు ఆపించి ఆర్ఎంసీ, జీజీఏ (లొకేషన్ వివరాలిచ్చే మరో లైను) మాత్రం ఉంచుకోండి, లేదా స్పీడు 38400కి పెంచండి. సేవ్ చేయకపోతే కరెంటు పోగానే ఈ సెట్టింగులు పాతవైపోవచ్చు, కాబట్టి ఆ కమాండ్లు బోర్డు ఆన్ అయిన ప్రతిసారీ వెళ్లేలా సెటప్‌లోనే రాసుకోండి.