డ్రైవాల్ మరమ్మతుకు ఏ పనిముట్లు కొనాలి?

అమెరికా ఇళ్లలో లోపలి గోడ సాధారణంగా ఇటుకలతో కట్టినది కాదు; రెండు మందపాటి కాగితాల మధ్య జిప్సం నింపిన అర అంగుళం మందపు పలక. దీన్నే డ్రైవాల్ అంటారు. దాన్ని మోసే స్టడ్లు అనే నిలువు చెక్కలు ఎక్కువ ఇళ్లలో 16 అంగుళాలకొకటి చొప్పున ఉంటాయి. అందువల్ల మన ఊరి తాపీమేస్త్రీ సంచిలోని సామాను ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. దుకాణంలో ఒకే పెట్టెలో అమ్మే కిట్టుకన్నా, చిల్లు ఎంతుందో చూసి దానికి తగినవి విడిగా కొనుక్కోవడమే మేలు.

మేకు రంధ్రాలకు చిన్న పుట్టీ బ్లేడు, స్పాకిల్ అనే చిన్న చిల్లులు పూడ్చే ముద్ద డబ్బా చాలు. తలుపు పిడి తగిలి పడిన చిల్లుకు అంటించే జాలీ పట్టీ సరిపోతుంది. అరచేతికన్నా పెద్దదైతే జాబ్ సా అనే మొనదేలిన చిన్న రంపంతో చతురస్రంగా కోసి, వెనుక చెక్కముక్క బిగించి, కొత్త పలకముక్కను దానికి స్క్రూలతో పట్టించాలి. గోడలో కరెంటు తీగలు ఉండవచ్చు కాబట్టి ముందుగా బ్రేకరు ఆపి, రంపాన్ని లోతుగా దించకుండా కోయాలి.

డబ్బు పెట్టవలసింది బ్లేడ్ల మీద. జాయింట్ కాంపౌండ్, అంటే అక్కడి పనివాళ్లు మడ్ అనే లప్పం, ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది గనుక దాన్ని పలుచని పూతలుగా, ప్రతి పూతనూ ముందుదానికన్నా వెడల్పుగా పరచాలి. అతుకు మీద వేసే కాగితపు లేదా జాలీ టేపును అద్దడానికి 6 అంగుళాల బ్లేడు, చివరి పూతకు 10 లేదా 12 అంగుళాల బ్లేడు కావాలి. చిన్న బ్లేడుతోనే అంతా ముగించాలనుకుంటే అతుకు ఉబ్బెత్తుగా మిగులుతుంది, ఎంత రుద్దినా పోదు.

బకెట్‌లో కలిపి అమ్మే మడ్ ఆరడానికి తరచు ఒక రాత్రి పడుతుంది. నీళ్లలో కలుపుకునే సెట్టింగ్ రకం పొడి, సంచి మీద రాసిన 20, 45 లేదా 90 నిమిషాల ప్రకారం గట్టిపడుతుంది. లోతైన గుంటలకూ, జాలీ టేపు మీద మొదటి పూతకూ ఇదే తగినది. కాగితపు టేపుకు బకెట్ మడ్ చాలు.

పూర్తి పలకలు బిగించేవారికి పలకను తిన్నగా కోయడానికి ఆధారంగా పెట్టుకునే 4 అడుగుల టీ-స్క్వేరు, కొత్త బ్లేడ్లున్న కత్తి, చెక్క స్టడ్లకైతే ముతక మరల 1¼ అంగుళాల స్క్రూలు, పలక మీది కాగితం చిరగకముందే స్క్రూను ఆపే డింప్లర్ బిట్ అవసరం. కాగితం చిరిగితే స్క్రూకు పట్టు ఉండదు. తేలికరకం కాని 4×8 అడుగుల పలక బరువు 50 పౌండ్లు దాటుతుంది గనుక, పైకప్పు పనికి పలకను ఎత్తిపట్టే లిఫ్టును కొనకుండా అద్దెకు తెచ్చుకోవాలి.

నునుపు చేయడానికి 120 లేదా 150 నంబరు ఉప్పుకాగితం, ఎన్95 మాస్కు ఉండాలి. ఆస్‌బెస్టాస్ కలిసిన గోడ లప్పాలను అమెరికా 1977లో నిషేధించింది. అంతకు ముందు కట్టిన ఇల్లయితే, కోయడానికీ రుద్దడానికీ ముందే నమూనాను ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. చివరగా గోడకు పక్కవాటుగా దీపం పెట్టి ఎత్తుపల్లాలు సరిచూసుకుని, రంగుకు ముందు ప్రైమర్ వేయాలి. లేకపోతే మడ్ రంగును పీల్చేసి, అతికిన చోటు మచ్చలా కనిపిస్తుంది.